రసీదు మీద రెండో పేరు

2025 మార్చి ఒకటో తేదీ, శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. సమయం అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, అప్పుడే పప్పు కుక్కర్ పొయ్యి మీద పెట్టి గడియారం చూసుకున్నాను. అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో వంటగదికీ భోజనాల బల్లకీ మధ్య గోడ లేదు. బల్ల దగ్గర అమ్మాయీ అల్లుడూ లాప్‌టాప్ తెరుచుకుని ఆ ఏటి టాక్స్ ఫైల్ చేస్తున్నారు. అల్లుడు ప్రశ్న చదువుతాడు, అమ్మాయి జవాబు చెబుతుంది, అతను మీట నొక్కుతాడు.

"వేరే దేశంలో నీ పేరు మీద గానీ, నువ్వు సంతకం పెట్టి తీసుకోగలిగినవి గానీ బ్యాంక్ అకౌంట్లు ఏమైనా ఉన్నాయా?" అని చదివాడు అల్లుడు.

"లేవు," అంది అమ్మాయి.

"లేకపోవడమేంటే," అన్నాను నేను కుక్కర్ దగ్గర్నుంచి. "ఇరవై ఉన్నాయి."

నేను సంతోషంగానే చెప్పాను. ఉన్నది లేదని చెప్పుకోవడం దేనికని. అల్లుడి వేలు మీట మీద అలాగే ఆగిపోయింది.

ఆ ఇరవై సంగతి ముందు చెప్పాలి. నేను ముప్పై ఆరేళ్ళు గుంటూరు జిల్లాలో సబ్ ట్రెజరీ ఆఫీసుల్లో పనిచేసి, సీనియర్ అకౌంటెంట్‌గా రిటైరయ్యాను. మావారు 2011లో పోయారు. ఆయన డిపాజిట్లు నాలుగూ ఆయన ఒక్కరి పేరునే ఉండేవి, నామినీ రాయాల్సిన చోట ఖాళీ. ఆ డబ్బు నా చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఏ ఆఫీసుల జీతాల బిల్లులు నేను పాస్ చేశానో ఆ ఆఫీసుల వరండాల్లోనే, వారసత్వ సర్టిఫికెట్ కోసం, బెంచీల మీద కూర్చున్నాను. ఆ బెంచీ నా కూతురికి వద్దనుకున్నాను. అప్పటినుంచీ నేను వేసిన ప్రతి డిపాజిట్ రసీదు మీదా మొదటి పేరు నాది, రెండో పేరు దానిది. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా బ్యాంకు డబ్బు ఇస్తుంది.

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఆరు వేశాను. పెన్షన్ బకాయిలు వచ్చినప్పుడల్లా ఒకటి చొప్పున ఆరు. మనవరాలి పుట్టినరోజుకొకటి చొప్పున ఏడు. మొత్తం పంతొమ్మిది, నలభై ఆరు లక్షల ఎనభై వేలు. వాటి వడ్డీ వచ్చి పడే సేవింగ్స్ ఖాతా ఒకటి, దాని మీదా ఇద్దరి పేర్లే. కొత్తది వేసినప్పుడల్లా వీడియో కాల్‌లో అమ్మాయికి చెప్పేదాన్ని, "ఇవాళ నీ పేరున ఇంకోటి వేశానే" అని. అది ఆఫీస్ మెయిల్ చూసుకుంటూ, "సరేలేమ్మా, మందులు వేసుకున్నావా?" అనేది. దాని దృష్టిలో అవి అమ్మ డబ్బులు. నా దృష్టిలో అవి దాని డబ్బులు. ఇన్నేళ్ళూ మా ఇద్దరికీ ఆ తేడా తెలియలేదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు.

ఆ ఉదయమే, ఈ ప్రశ్నకి ఓ పది నిమిషాల ముందు, అదే బల్ల దగ్గర నేను ఇంకో అంకె విన్నాను. మా అమ్మాయి జీతం ఎంతో నేను ఎప్పుడూ అడగలేదు. ట్రెజరీలో జిల్లా అంతటి జీతాలూ చూసినదాన్ని, ఇంట్లో అడగబుద్ధి కాలేదు. అల్లుడే ఇద్దరి జీతాలూ, బోనసులూ, అమ్మాయికి కంపెనీ ఇచ్చిన షేర్లూ కలిపి పైకి చదివాడు: మూడు లక్షల యాభై ఎనిమిది వేల డాలర్లు. ఉల్లిపాయ తరుగుతూనే మనసులో డాలరు రేటు ఎనభై ఏడుతో హెచ్చవేశాను. మూడు కోట్ల పదకొండు లక్షల నలభై ఆరు వేలు. రెండోసారి వేశాను. అంతే వచ్చింది.

మరి ఈ ఇంట్లో వాడి పారేసే ప్లాస్టిక్ జిప్‌లాక్ సంచులు కడిగి గిన్నెల స్టాండ్‌కి తగిలించి ఆరబెడతారు. నేను వచ్చిన మూడు నెలల్లో బయట భోంచేసింది ఐదుసార్లు, అందులో రెండు కూపన్ల మీద. అదే అడిగాను, ఇంత డబ్బు ఎటు పోతోందని. అల్లుడు నవ్వి, "డబ్బు మన ఇంటి ముందు నుంచే వెళ్తుంది అత్తయ్యా, ఎక్స్‌ప్రెస్ బస్సులాగా. మన స్టాప్‌లో ఆగదు," అన్నాడు.

తర్వాత కూర్చోబెట్టి చూపించాడు. చేతికి రాకముందే ఫెడరల్ టాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పోతాయి. రిటైర్మెంట్ కోసం ఇద్దరూ దాచేది, హెల్త్ ఇన్సూరెన్స్ పోతాయి. ఆ పైన అద్దె రెండు వేల ఎనిమిది వందల యాభై. స్కూలయ్యాక పిల్లని చూసే చోట ఏడు వందల ఎనభై. కార్లు రెండు, వాటి ఇన్సూరెన్సు, హైవే టోల్ విడిగా. ఇద్దరూ హెచ్‌-వన్ వీసాల మీద ఉన్నారు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. అందుకని ఆరు నెలల ఖర్చు ఒకచోట పెట్టి దాని వైపు కన్నెత్తి చూడరు. టెక్సస్‌లో రాష్ట్రం ఆదాయపు పన్ను వెయ్యదని అందరూ గొప్పగా చెబుతారు. ఇల్లు కొంటే తెలుస్తుంది, అది ఇంటి పన్నులో తీసుకుంటారు. వాళ్ళు చూసిన ఇంటికి ఏడాదికి పదమూడు వేల పైచిలుకు. సొంత ఇంట్లో ఉన్నందుకు నెలకి వెయ్యి డాలర్ల పైన అద్దె అన్నమాట.

అల్లుడికి ఒక పట్టుదల ఉంది. శని, ఆదివారాలు స్నేహితుల ఇళ్ళలో కలిసినప్పుడు మగవాళ్ళు రిఫండ్ ఎంత వచ్చిందో చెప్పుకుంటారు, మా రోజుల్లో పిల్లల ర్యాంకులు చెప్పుకున్నట్టు. ఒకాయన ఎనిమిది వేలు వచ్చిందంటాడు, ఇంకొకాయన పదకొండు. మా అల్లుడి వంతు వచ్చేసరికి, "నేనే నలభై ఒక్క డాలర్లు కట్టాను," అంటాడు. అందరూ జాలిగా చూస్తారు. రిఫండ్ వచ్చిందంటే ఏడాదంతా గవర్నమెంట్‌కి వడ్డీ లేకుండా అప్పిచ్చినట్టే కదా అని అతని వాదన. వెయ్యి రూపాయలు ఎక్కువ జమ అయినా, తక్కువ జమ అయినా ట్రెజరీలో రెండూ తప్పే. పెళ్ళయిన పన్నెండేళ్ళలో అల్లుడి మీద నాకు నిజంగా గౌరవం కలిగింది ఆ నలభై ఒక్క డాలర్ల దగ్గరే.

అలాంటి మనిషి ఆ శనివారం ఫోన్‌లో ఏదో చదువుతూ చదువుతూ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. అమెరికాలో ఉండి టాక్స్ కట్టేవాళ్ళు బయట దేశాల్లో ఉన్న ఖాతాలు, అన్నీ కలిపి పదివేల డాలర్లు దాటితే, ఏటా ఒక రిపోర్ట్‌లో చెప్పాలిట. టాక్స్ కట్టడం వేరు, ఇది వేరు. జాయింట్ ఖాతాలూ చెప్పాలి. చెప్పకపోతే జరిమానా.

"ఎంత?" అంది అమ్మాయి.

ఒకచోట అకౌంట్‌కి పదివేల డాలర్లని రాసి ఉంది. ఆరేళ్ళు వెనక్కి అడగొచ్చని ఉంది. ఇరవై ఖాతాలు, ఆరేళ్ళు. ఎవరూ నన్ను అడగలేదు, అయినా వేశాను. పన్నెండు లక్షల డాలర్లు, పది కోట్ల నలభై నాలుగు లక్షలు. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఆ రోజు నాకు తెలియదు. పప్పు మాడింది.

కాసేపటికి అల్లుడు ఇంకోచోట చూసి, అది పాత లెక్క, ఇప్పుడు ఖాతాకి కాదు, ఏడాది రిపోర్ట్‌కి పదివేల పైన అన్నాడు. అంటే అరవై వేలు. యాభై రెండు లక్షల ఇరవై వేల రూపాయలు. నా మొత్తం డిపాజిట్ల కంటే ఐదు లక్షల నలభై వేలు ఎక్కువ. ఇంత తగ్గినందుకు సంతోషించాలో ఏమిటో తెలియక ముగ్గురం కూర్చున్నాం.

ఇల్లు గురించి చెప్పకపోతే ఆ అరవై వేలు ఎక్కడ తగిలిందో అర్థం కాదు. ఇర్వింగ్‌కి ఉత్తరాన అరగంట దూరంలో కట్టి సిద్ధంగా ఉన్న ఇల్లు ఒకటి వాళ్ళు ఖాయం చేసుకున్నారు. సోమవారం సాయంత్రం ఐదింటి లోపల కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టి అడ్వాన్స్ కట్టాలి. మొదటి చెల్లింపుకి తొంభై ఆరు వేల డాలర్లు, అమ్మాయి తన షేర్లు అమ్మి పెట్టుకుంది. అంతకుముందు మూడు శనివారాలు నేనే ఇళ్ళు తిరిగి చూసి ఒక్కొక్కటీ వద్దన్నాను. పడమర గుమ్మం వద్దు, దక్షిణం వద్దు. తూర్పు గుమ్మం దొరికేదాకా వాళ్ళని నిలవనివ్వలేదు. తెలుగువాళ్ళు తూర్పు కోసం ఎగబడతారని బిల్డర్‌కి తెలుసు, ఆ స్థలానికి పన్నెండు వేలు ఎక్కువ పెట్టాడు. అమ్మాయి సరేనంది. వంటగది కిటికీలోంచి ఎండ పడుతుందని దానికీ ఆ ఇల్లు నచ్చింది. రెండు వారాలుగా పడుకునే ముందు ఫోన్‌లో ఆ కిటికీ ఫోటో చూసుకుంటోంది.

"సంతకం పెట్టాక అరవై వేలు కట్టమంటే?" అంది అమ్మాయి.

అల్లుడు లాప్‌టాప్ మూసేశాడు. అంటే ఇల్లూ ఉండదు, అడ్వాన్సూ ఉండదని.

టాక్స్ చూసే అకౌంటెంట్ ఒకావిడ ఇర్వింగ్‌లోనే ఉంది, తెలుగావిడే. సీజన్ కదా, మంగళవారం పదకొండున్నరకి గానీ ఖాళీ లేదంది. బిల్డర్ ఆఫీసు అమ్మాయి సోమవారం ఐదు దాటి ఒక్క గంట కూడా ఆపలేనంది. మా అమ్మాయి, అకౌంటెంట్ మాట వినేదాకా సంతకం పెట్టనని చెప్పేసింది. నాతో ఒక్క మాట అనలేదు. ఒక మాట అని ఉంటే నేను ఆ ఆదివారం చేసిన పని చేసేదాన్ని కాదేమో.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి ముగ్గురూ మనవరాలి స్విమ్మింగ్ క్లాస్‌కి వెళ్ళారు. నేను సోఫాలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచాను. నా ఆలోచన ఇది. ముప్పై ఆరేళ్ళు మార్చి నెలాఖరు లెక్కలు తేల్చినదాన్ని. ట్రెజరీలో చివరికి చూసేది ముగింపు నిల్వ. అది సున్నా అయితే ఆ ఖాతాకి ఇక సంజాయిషీ లేదు. డిపాజిట్లు లేకపోతే చెప్పాల్సిన డిపాజిట్లూ లేవు. పిల్ల ఇంట్లో అడుగు పెట్టేలోపు ఇరవైని ఒకటి చేద్దామనుకున్నాను.

ప్రతి డిపాజిట్‌కీ యాప్ అడిగింది, గడువు ముందే మూసేస్తే వడ్డీ తగ్గుతుంది, ఖాయమేనా అని. అవునని నొక్కాను. గుంటూరు నంబర్‌కి ఓటీపీ వచ్చింది, కొట్టాను. మొదటి ఆరూ సులువుగానే మూశాను. పెన్షన్ బకాయిలవి కూడా. మనవరాలివి ఏడూ వచ్చేసరికి చెయ్యి కొంచెం నెమ్మదించింది. మొదటిది వేసిన రోజు బ్యాంకులో వాళ్ళకి జీడిపప్పు పాకం పంచాను. అదీ నొక్కాను. పది గంటల పది నిమిషాలకి పంతొమ్మిదో డిపాజిట్ డబ్బు సేవింగ్స్‌లో జమ అయినట్టు మెసేజ్ వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. మనవరాలు తడిజుట్టుతో పక్కన కూర్చుని నా ఫోన్‌లో అంకె చూసింది.

"అమ్మమ్మా, నువ్వు రిచ్ ఆ?" అంది.

"కాదమ్మా, చక్కగా సర్దుకున్నానంతే," అన్నాను. ఆ రోజంతా హాయిగా ఉన్నాను. గోంగూర పచ్చడి కూడా చేశాను.

సోమవారం సాయంత్రం ఐదింటికి ఎవరూ గడియారం వైపు చూడలేదు. ఐదుంపావుకి అమ్మాయి లేచి వెళ్ళి బట్టలు మడతపెట్టింది.

మంగళవారం అకౌంటెంట్ దగ్గరికి నన్నూ తీసుకెళ్ళారు. హైవే మీద ఉండగానే అమ్మాయి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆ తూర్పు ఇల్లు పొద్దున్నే ఇంకెవరో తీసుకున్నారట. అది చదివి ఫోన్ బ్యాగులో పెట్టుకుని, "ఇంకో ఎగ్జిట్ తర్వాత మనది," అని మాత్రం అంది.

ఆఫీసు ఒక ఇండియన్ కిరాణా కొట్టు పక్కన, కనుబొమలు తీర్చే చోటుకీ టిఫిన్ హోటల్‌కీ మధ్య ఒకటే గది. ఆవిడది వరంగల్. నలభై ఏళ్ళుంటాయి. లోపలికి రాగానే నాకు కుర్చీ వేసి, టీ తాగుతారా అమ్మా అని అడిగింది. అమ్మాయి జరిగింది మొదట్నుంచీ చెప్పింది. ఆవిడ అంతా విని పెన్ను పక్కన పెట్టింది.

"అన్నిటికంటే ముందు ఒకటి చెప్పున్రి. ఆ పైసలు ఎవరివి?"

"మా అమ్మాయివే," అన్నాను నేను.

"కాదండీ, అమ్మవి," అంది అమ్మాయి.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇక్కడికి వచ్చే అన్నదమ్ములు ఒకే డబ్బు నాదంటే నాదని కొట్టుకుంటారనీ, నాది కాదు నీదని కొట్టుకునేవాళ్ళని ఈ సీజన్‌లో ఇప్పుడే చూస్తున్నాననీ అంది. అల్లుడు నవ్వాపుకోలేకపోయాడు. తర్వాత ఆవిడ సంగతి వివరించింది. డబ్బు అమ్మాయిదే అయితే దాని మీద వచ్చిన వడ్డీ కూడా అమ్మాయి ఆదాయమే. ఆరేళ్ళ వడ్డీకి ఇక్కడ టాక్స్ ఎగ్గొట్టినట్టు. పన్ను, దాని మీద వడ్డీ, ఆ పైన జరిమానా. డబ్బు నాదైతే అమ్మాయి చేసిన తప్పు ఒకటే, పేరున్న ఖాతాల సంగతి చెప్పకపోవడం. దానికి దారి ఉంది.

నాదని ఒక్క మాట అంటే సరిపోతుంది. కానీ ఇప్పుడే అమ్మాయిదన్నాను. పన్ను తప్పుతుందని మాట మార్చే మనుషుల బిల్లులు నేను ఎన్నో వెనక్కి పంపాను.

"నేను మాట మార్చలేనమ్మా," అన్నాను. "అవి దానివే. దాని కోసమే వేశాను."

"మార్చకున్రి," అంది ఆవిడ. "నేను అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి, చాలు."

అడిగింది. ఆ డబ్బు ఎవరి సంపాదన? నాది, గ్రాట్యుటీ, పెన్షన్. అమ్మాయి ఎప్పుడైనా ఒక్క రూపాయి వేసిందా? లేదు. ఒక్క రూపాయి తీసిందా? లేదు. ఇండియాలో ఆ వడ్డీ మీద ఆదాయపు పన్ను ఎవరు కడుతున్నారు? నేనే, ఏటా జూలైలో, గడువుకి వారం ముందు. వడ్డీ దేనికి ఖర్చవుతుంది? బీపీ మందులకి, కరెంటు బిల్లుకి, పనమ్మాయి జీతానికి. ఇక్కడికి వచ్చిన విమానం టికెట్టుకి. అమ్మాయి తీస్తానంటే కోపం వచ్చి నేనే కొన్నాను.

"మీరు రేపు ఆ పైసలతోని ఏదన్న కొనుక్కుంటే అమ్మాయిని అడుగుతరా?"

"దాన్నెందుకు అడుగుతాను?"

"మరి ఎవరివమ్మా అవి?"

కిరాణా కొట్టు ముందు ఎవరో బండ్లు తోస్తున్న చప్పుడు వినిపించింది. ఎటు నుంచి కూడినా అదే మొత్తం వస్తోంది. అరవై తొమ్మిదేళ్ళ వయసులో, నా కూతురి ముందు, మొదటిసారి ఆ మాట అన్నాను.

"నావే."

అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది. "ఇన్నేళ్ళ నుంచీ అదే కదే నేను చెప్తోంది," అంది. కోపమొచ్చినా ముద్దొచ్చినా అది నన్ను ఒసే, కదే అంటుంది. చిన్నప్పటి అలవాటు.

ఆవిడ ధైర్యం చెప్పింది. ఆలస్యమైన ఆరేళ్ళ రిపోర్టులూ ఇప్పుడు పంపి, ఎందుకు ఆలస్యమైందో నిజం రాస్తే, పన్ను ఎగ్గొట్టనివాళ్ళ మీద మామూలుగా జరిమానా వెయ్యరు. వెయ్యరని తను హామీ ఇవ్వలేదు, కానీ తన చేతి మీదుగా వెళ్ళినవాటికి ఇంతవరకూ పడలేదు. ఏడాదికి వంద చొప్పున తన ఫీజు ఆరు వందలు. ఇక మీదట ఏం చెయ్యాలంటే, జాయింట్ పేరు తీసేసి అమ్మాయిని నామినీగా పెట్టుకుంటే చాలు. నామినీకి నేను ఉన్నంతకాలం ఆ డబ్బు మీద చెయ్యి ఉండదు కాబట్టి ఇక్కడ చెప్పక్కర్లేదు. నేను పోయాక బెంచీ మీద కూర్చోవాల్సిన పనీ ఉండదు.

"డిపాజిట్లు మటుకు తొందరపడి ముట్టుకోకున్రి. గడువు అయినప్పుడు ఒక్కొక్కటి మార్చుకోవచ్చు," అంది.

నేను టీ గ్లాసు కింద పెట్టాను. ఆదివారం పొద్దున్న సంగతి చెప్పాను.

ముగ్గురూ నన్నే చూశారు. ఆవిడ నెమ్మదిగా అడిగింది, ఆ డబ్బంతా ఇప్పుడెక్కడుందని. సేవింగ్స్‌లో ఉందన్నాను. ఆ ఖాతా మీద కూడా అమ్మాయి పేరుందా అంది. ఉందన్నాను. ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక చెప్పింది. ఈ రిపోర్ట్‌లో ముగింపు నిల్వ అడగరు. ప్రతి ఖాతాలో ఆ ఏడాది ఉన్న అత్యధిక నిల్వ అడుగుతారు. ఈ ఏడాది జనవరి, ఫిబ్రవరిలో డిపాజిట్లు ఉన్నాయి కాబట్టి వచ్చే ఏడు పంపే రిపోర్ట్‌లో పంతొమ్మిదీ రాయాలి. అదే డబ్బు మార్చిలో సేవింగ్స్‌లోకి వచ్చింది కాబట్టి అక్కడా రాయాలి. పోయిన ఆరేళ్ళవి ఎలాగూ పోవు.

"నలభై ఏడు లక్షలను ఒక్క పొద్దుట్లనే కాగితం మీద తొంభై నాలుగు చేసిన్రు అమ్మా. మా క్లయింట్లు ఎవ్వరూ ఇంత లాభం చూడలే."

అల్లుడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. నాకు మొదట సిగ్గేసింది. తర్వాత ఆ లెక్క నేనూ మనసులో వేసి చూసుకున్నాను. ఆవిడ చెప్పింది సరిగ్గా ఉంది. ఇక నవ్వక తప్పలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో అమ్మాయి, ఇప్పుడైనా ఒప్పుకున్నావు కాబట్టి నీ డబ్బుతో నీ గదిలో ఏసీ పెట్టించుకో అంది. ఐదేళ్ళుగా పోరుతోంది. పిల్లల డబ్బు గాలికి పోవడం ఎందుకని నేను ఒప్పుకోలేదు. ఇక ఆ సాకు లేదు. జూన్‌లో ఊరికి వెళ్ళగానే పెట్టించాను, టన్నున్నర. అప్పుడే బ్యాంకుకి వెళ్ళి, అమ్మాయి ముందే సంతకం పెట్టి ఇచ్చిన కాగితం చూపించి, సేవింగ్స్ ఖాతా మీద దాని పేరు తీయించాను. పంతొమ్మిది డిపాజిట్ల చోట నాలుగు వేశాను. మొదటి పేరు నాది. రెండో పేరు లేదు. నామినీ గడిలో దాని పేరు నా చేత్తో రాశాను. పాత వడ్డీ రేటు మాత్రం మళ్ళీ రాలేదు.

ఇల్లు సంగతి. ఆ వీధి చివర మలుపులో ఇంకొకటి మిగిలి ఉంది, ఉత్తరం గుమ్మం. దానికి పన్నెండు వేలు ఎక్కువ లేదు. ఈసారి నన్నెవరూ అడగలేదు, నేనూ ఏమీ అనలేదు. ఉత్తరం కుబేర స్థానమని అల్లుడే ఎక్కడో చదివి వచ్చి నాకు ధైర్యం చెప్పాడు. ఏప్రిల్ ఇరవై ఐదున తాళాలు ఇచ్చారు. వంటగది కిటికీలోకి ఎండ పొద్దున్న రాదు, వేసవిలో సాయంత్రం కాసేపు వస్తుంది. అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేది ఆ వేళకే.

తూర్పు ఇల్లు తీసుకున్నది ఒంగోలు వాళ్ళు. వాళ్ళమ్మగారు రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్. నేను ఊరు వెళ్ళే ముందు, మే నెలంతా, ఇద్దరం సాయంత్రాలు కలిసి నడిచేవాళ్ళం. సూర్యోదయం తన సొంత ఏర్పాటైనట్టు రోజూ దాని గురించి చెప్పేది. నాలుగో రోజో ఐదో రోజో నేను మాట మార్చి, "మీ డిపాజిట్ల మీద రెండో పేరు ఎవరిదండీ?" అని అడిగాను.

"మా అబ్బాయిదే. అన్నిటి మీదా వాడిదే," అంది ఆవిడ గర్వంగా. "ఇరవై ఆరు."

నేను ఆగి, వరంగల్ ఆవిడ నంబర్ ఇచ్చాను. ఆవిడతో మాట్లాడేదాకా బ్యాంకు యాప్ తెరవొద్దని రెండుసార్లు చెప్పాను.

ఆరు రిపోర్టులూ మార్చిలోనే వెళ్ళాయి. ఇది రాస్తున్న రోజు వరకూ జరిమానా అంటూ ఏ కాగితమూ రాలేదు. ఆ ఏడు అల్లుడు కట్టిన టాక్స్ తేడా పదిహేడు డాలర్లు.

వచ్చినవి ఇక్కడ రాయడం లేదు. పోయినవి ఇవి. గడువు ముందే మూసినందుకు వడ్డీ, అరవై ఒక్క వేల మూడు వందల నలభై రూపాయలు. అకౌంటెంట్ ఫీజు ఆరు వందల డాలర్లు, ఆ రోజు రేటున యాభై రెండు వేల రెండు వందలు. కలిపి లక్షా పదమూడు వేల ఐదు వందల నలభై. ఒక కుక్కర్ పప్పు. తూర్పు గుమ్మం ఒకటి. పంతొమ్మిది రసీదుల మీదా, ఒక పాస్‌బుక్ మీదా మా అమ్మాయి పేరు.